వెబ్‌సైట్‌లో ఫొటోలకు ఏ రక్షణ ఎవరికి పనికొస్తుంది?

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, ఇంటి నుంచే చేనేత చీరలు అమ్మేవాళ్లు, సెలవు దొరికితే నేలపట్టుకో కొల్లేరుకో వెళ్లి పక్షుల ఫొటోలు తీసేవాళ్లు సొంత వెబ్‌సైట్ పెట్టుకోగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ‘‘మా ఫొటోలు ఎవరూ కాపీ చేయకుండా ఏం చేయాలి?’’ సైటు తయారుచేసిచ్చినవాళ్లు ఒక ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) పెట్టి రైట్ క్లిక్ ఆపేస్తారు. ఇక భయం లేదనుకుంటాం. కొన్నాళ్లకు అవే ఫొటోలు ఎవరిదో ఇన్‌స్టాగ్రామ్ పేజీలో, ఎవరిదో పేరుతో కనిపిస్తాయి.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి. బ్రౌజర్‌లో ఫొటో కనిపించిందంటే ఆ ఫైలు చూసేవారి ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో అప్పటికే దిగిపోయింది. ఫైలు పంపకుండా ఫొటో చూపించే దారి వెబ్‌లో లేదు. అందుకని కాపీని పూర్తిగా ఆపే పద్ధతంటూ ఏదీ లేదు. ఉన్న పద్ధతులన్నీ కాపీ వల్ల జరిగే ఏదో ఒక నష్టాన్ని తగ్గిస్తాయి, అంతే. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు.

కాబట్టి ఏ ప్లగిన్ మంచిదని వెతికే ముందు మీరు దేనికి భయపడుతున్నారో తేల్చుకోండి. పెద్ద సైజు ప్రింట్లు అమ్ముకునే ఫొటోగ్రాఫర్‌కి భయం, ప్రింటు కొనాల్సినవాళ్లు సైటు నుంచే దించుకుంటారని. పోచంపల్లి ఇక్కత్ అమ్మే దుకాణానికి భయం, తమ ఫొటో పెట్టి ఇంకెవరో మరమగ్గం చీర అంటగడతారని. పక్షుల ఫొటోలు తీసేవారికి డబ్బు కంటే పేరు ముఖ్యం. ఇంటి ఫంక్షన్ ఫొటోలు పెట్టిన కుటుంబానికి పిల్లల ఫొటోలు తెలియనివాళ్ల చేతుల్లో పడతాయన్న టెన్షన్. ఇవి వేరువేరు సమస్యలు. వీటన్నిటికీ ఒకే మందు వేయబోతేనే ఏదీ సరిగ్గా పనిచేయదు.

రైట్ క్లిక్ లాక్

అందరూ మొదట పెట్టేది ఇదే, నేను చివరిగా కూడా పెట్టమని చెప్పనిది ఇదే. మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూని ఒక చిన్న జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రాము) ముక్క ఆపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే ఆ మెనూ మళ్లీ వచ్చేస్తుంది. ఏ బ్రౌజర్‌లోనైనా జావాస్క్రిప్ట్ ఆపేస్తే లాక్ ఊడిపోతుంది. పేజీని మొత్తంగా సేవ్ చేసుకున్నా, పేజీ లోపలి కోడ్ చూపించే డెవలపర్ టూల్స్ తెరిచినా ఫొటో అడ్రస్ దొరుకుతుంది. అసలు ఇవేవీ అక్కర్లేదు, ఒక స్క్రీన్‌షాట్ చాలు.

ఫొటో పైన కనిపించని పారదర్శకమైన ఇంకో బొమ్మను పరచడం, ఫొటోని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టడం, ముక్కలుగా కోసి పక్కపక్కన అతికించి చూపడం కూడా ఈ కోవలోవే. మ్యూజియంల సైట్లలో పెద్ద చిత్రపటాలను జూమ్ చేసి చూడటానికి ముక్కలుగానే పంపుతారు. ఆ ముక్కల్ని తిరిగి కలిపి ఒకే ఫైలుగా ఇచ్చే డీజూమిఫై వంటి ఉచిత పనిముట్లు చాలాకాలంగా ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీస్తే తెర నల్లగా వచ్చే ఏర్పాటు కొన్ని ఫోన్ యాప్‌లలో చూసి ఉంటారు. మామూలు వెబ్ పేజీలోని ఫొటోకి అలాంటి సౌకర్యం బ్రౌజర్లు ఇవ్వవు. ఇచ్చినా పక్కన ఇంకో ఫోన్ పెట్టి తెరను ఫొటో తీయవచ్చు.

పనిచేయకపోవడం ఒక ఎత్తు, దీనివల్ల జరిగే నష్టం ఇంకో ఎత్తు. చీర నచ్చిన కస్టమర్ ఆ ఫొటోని దించుకుని వాట్సాప్‌లో అక్కకో వదినకో పంపి, ‘‘ఈ రంగు బాగుందా?’’ అని అడుగుతుంది. ఆ తర్వాతే కొంటుంది. రైట్ క్లిక్ ఆపేసి, ఫోన్‌లో వేలు నొక్కి పట్టినా మెనూ రాకుండా చేసిన దుకాణం ఆ కస్టమర్‌ని అడ్డుకుంటుంది కానీ దొంగని కాదు. కొన్ని ప్లగిన్లయితే అక్షరాలు కూడా కాపీ కానివ్వవు. అప్పుడు దుకాణం ఫోన్ నంబరు, అడ్రస్ కూడా కాపీ చేసుకోవడం కుదరదు. అమ్మకాల కోసం పెట్టిన సైటులో ఇది పెద్ద తప్పు.

సైజు: అన్నిటికంటే బలమైన రక్షణ

పెద్ద ఫైలు సైటులో లేకపోతే దాన్ని ఎవరూ తీసుకోలేరు. ఇంత సూటిగా పనిచేసే పద్ధతి ఇంకోటి లేదు, పైగా ఖర్చు లేదు.

లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000 పిక్సెళ్ల పొడవు, 4000 వెడల్పు ఉంటుంది. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలనుకుంటే అది 20 అంగుళాల పొడవు ప్రింటుకి సరిపోతుంది. అదే ఫొటోని 1200 పిక్సెళ్ల పొడవుకి తగ్గించి పెడితే 4 అంగుళాలకే సరిపోతుంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో చూడటానికి మాత్రం బాగానే ఉంటుంది. గోడకి పెట్టుకునే ఫ్రేముకి పనికిరాదు. ప్రింట్లు అమ్ముకునేవారు పొడవువైపు 1200 నుంచి 1600 పిక్సెళ్ల మధ్య ఉంచుకోవడం మంచిదని నా సలహా. 2048 పెడితే 6.8 అంగుళాల ప్రింటు వస్తుంది, అంటే చిన్న ఆల్బమ్ సైజుకి దాదాపు చేతికిచ్చినట్టే.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఫొటోషాప్‌లో ‘72 డీపీఐ’ (అంగుళానికి 72 చుక్కలు) అని మార్చి సేవ్ చేస్తే ఫొటో చిన్నదైపోయిందనుకుంటారు. ఆ అంకె ప్రింటర్‌కి రాసిన ఒక చీటీ మాత్రమే. పిక్సెళ్లు 6000 ఉంటే 6000 పిక్సెళ్లూ బయటికి వెళ్లిపోయినట్టే. చూడాల్సింది పిక్సెళ్ల సంఖ్యని.

దీనికంటే పెద్ద లోపం వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లలో ఉంటుంది, చాలామందికి దాని సంగతి తెలియదు. 2019 నవంబరులో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, 2560 పిక్సెళ్ల కంటే పెద్ద ఫొటో అప్‌లోడ్ చేస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని తగ్గించి, ఫైలు పేరు చివర ‘స్కేల్డ్’ అనే మాట తగిలించి వాడుకుంటుంది. కానీ మీరు ఎక్కించిన అసలు ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉండిపోతుంది. ఫొటో అడ్రస్‌లోంచి ఆ మాటని, లేదా చివర కనిపించే ‘1024 ఇంటూ 683’ వంటి కొలతని చెరిపేసి ఎంటర్ కొడితే అసలు ఫైలు తెరుచుకుంటుంది. మీ సైటులో ఇప్పుడే ఒక ఫొటోతో ఇలా చేసి చూడండి. 6000 పిక్సెళ్ల ఫైలు కనిపిస్తే మీరు పెట్టిన వాటర్‌మార్కులు (ఫొటో మీద వేసే పేరు గుర్తులు), లాకులు అన్నీ వృథా. సైటు లోపల వాటర్‌మార్క్ వేసే ప్లగిన్లలో కొన్ని కూడా గుర్తు లేని అసలు కాపీని పక్కనే దాచుకుంటాయి.

పరిష్కారం ఒకటే. ఫొటోని మీ కంప్యూటర్‌లోనే తగ్గించి, గుర్తు వేసి, ఆ చిన్న ఫైలునే ఎక్కించండి. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్‌లో ఈ రెండూ ఒకేసారి అయిపోతాయి. లైట్‌రూమ్ లేనివారికి డిజికామ్ ఉచితంగా దొరుకుతుంది, ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ సొంత వాడకానికి ఉచితం; రెండూ వందల ఫొటోల్ని ఒక్కసారే మార్చేస్తాయి. దీంతోపాటు హోస్టింగ్‌వాళ్లకి (మీ సైటుకి చోటు అద్దెకిచ్చినవాళ్లకి) చెప్పి ఫోల్డర్ జాబితా బయటికి కనిపించకుండా ఆపించండి. అది తెరిచి ఉంటే అప్‌లోడ్స్‌లో ఒక నెల ఫోల్డర్ అడ్రస్ కొట్టినవాళ్లకి ఆ నెలలో మీరు ఎక్కించిన ఫైళ్లన్నీ వరసగా కనిపిస్తాయి.

సైజు తగ్గించడానికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి, వాట్సాప్ స్టేటస్‌కి 1200 పిక్సెళ్లు ఎక్కువే. ఫ్లెక్సీ సంగతి ఇంకా ఘోరం. నాలుగు అడుగుల ఫ్లెక్సీ మీద 1200 పిక్సెళ్లు పరిస్తే అంగుళానికి 25 వస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే మసక, రోడ్డు మీద పోయేవారికి మాత్రం సరిపోతుంది. ఊళ్లలో జాతరకి, పుట్టినరోజుకి, ప్రారంభోత్సవానికి కట్టే ఫ్లెక్సీల మీద మీ ఫొటో రావడాన్ని సైజు ఆపలేదు. చిన్న ఫొటోని పెద్దది చేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి కాబట్టి జరీ నేత, ఈకల గీతలు, దూరంగా ఉన్న ముఖాలు తేడాగా వస్తాయి. అసలు ప్రింటు విలువ తెలిసినవాళ్లు ఆ తేడాని పట్టేస్తారు.

వాటర్‌మార్క్: ఎక్కడ, ఎంత

వాటర్‌మార్క్ గురించి రెండు వాదనలు వింటుంటాం. ఫొటో అందం చెడిపోతుందని కొందరు, అది లేకపోతే దొంగలకి అప్పగించినట్టే అని కొందరు. రెండింటిలోనూ నిజముంది. అందుకే ఫొటో ఎందుకు పెట్టారన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

మూలన చిన్నగా రాసుకున్న పేరుని ఒక్క క్రాప్‌తో (అంచు కత్తిరించి) తీసేయవచ్చు. నడిమధ్యలో పెద్దగా వేస్తే ఫొటో చూడాలనిపించదు. ఈ రెంటికీ మధ్య దారి, పేరుని అసలు వస్తువు అంచుని తాకేలా వేయడం. పక్షి రెక్క కొసమీదుగానో, చీర కుచ్చిళ్ల మీదుగానో వెళ్లే పలుచని అక్షరాలు చూపుకి అడ్డురావు, క్రాప్ చేస్తే మాత్రం పక్షో చీరో తెగుతుంది. ఖాళీ ఆకాశం మీద వేసిన గుర్తుని చెరపడం సులువు, గజిబిజి నేత మీద వేసినదాన్ని చెరపడం కష్టం.

2017లో గూగుల్ పరిశోధకులు ఈ విషయంలో ఒక పని చేసి చూపించారు. ఫొటోలు అమ్మే స్టాక్ సంస్థలు తమ ఫొటోలన్నిటి మీదా ఒకే గుర్తుని ఒకే తీరుగా వేస్తాయి. అలాంటి ఫొటోలు పెద్ద సంఖ్యలో ఇస్తే కంప్యూటర్ వాటిలో ఉమ్మడిగా ఉన్న గుర్తుని పసిగట్టి, మనిషి సాయం లేకుండానే అన్నిటిలోంచీ తీసేసింది. గుర్తు ఉండే చోటు మార్చినా, పలుచదనం కొంచెం మార్చినా పెద్దగా తేడా రాలేదు. ప్రతి ఫొటోలోనూ గుర్తు ఆకారాన్నే కొద్దికొద్దిగా వంచి వేసినప్పుడు మాత్రం తీసేశాక మరకలు మిగిలాయి. వందల ఫొటోలు పెట్టేవారు దీన్ని గమనించాలి. ఒకే ముద్ర బొమ్మని (పీఎన్‌జీ ఫైలుని) అన్నిటిమీదా గుద్దే బదులు ముఖ్యమైనవాటిలోనైనా కోణం, వంపు మార్చండి.

ఇప్పుడు ఫోన్‌లోనే వేలితో రుద్ది గుర్తుని మాయం చేసే సౌకర్యం వచ్చేసింది కదా, ఇంకా వాటర్‌మార్క్ ఎందుకు అనవచ్చు. నేనైతే ఇంకా వేయమనే అంటాను, దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మన ఫొటోలు తీసుకునేవారిలో చాలామంది దొంగతనం అనుకుని చేయరు. బాగుంది, ఫార్వర్డ్ చేద్దాం అనుకుంటారు. వాళ్లు గుర్తు చెరిపే శ్రమ పడరు. ఫొటో ఎంత దూరం వెళ్తే మీ పేరు అంత దూరం వెళ్తుంది. అందుకే గుర్తుగా అలంకారపు లోగో కాకుండా, చదవగలిగే పేరూ సైటు అడ్రసూ రాయండి. రెండో కారణం చట్టం. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65బీ సెక్షన్ వచ్చింది. హక్కుదారు పేరు, చిరునామా వంటి సమాచారాన్ని అనుమతి లేకుండా తెలిసే తీసేస్తే, మార్చేస్తే అది విడిగా ఒక నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. పేరే లేని ఫొటోని వాడినవాళ్లు ‘నాకు తెలియదు’ అనగలరు. పేరు చెరిపి వాడినవాళ్లు అనలేరు.

చీరలవాళ్లకి దీన్ని మించిన పద్ధతి ఇంకోటి ఉంది. ఫొటో తీసేటప్పుడే దుకాణం పేరున్న చిన్న అట్టని కొంగు మడతల మధ్య పెట్టి తీయండి. దాని నీడ గుడ్డ మీద పడుతుంది, నేత దాని కిందుగా పోతుంది. చెరిపితే ఆ చోట నేత సరిగ్గా అతకదు. అదే చీరని చేత్తో తిప్పి చూపిస్తూ, దుకాణం పేరు పలుకుతూ తీసిన చిన్న వీడియో కూడా పక్కన పెడితే, ఫొటో ఒక్కటే ఎత్తుకెళ్లిన మోసపు పేజీకీ మీకూ తేడా కస్టమర్‌కి తెలుస్తుంది.

కంటికి కనిపించని వాటర్‌మార్కులు కూడా ఉన్నాయి. పిక్సెళ్లలోనే సంకేతం దాచే డిజిమార్క్ వంటివి పేరున్నవే. అవి కాపీని ఆపవు, తర్వాత వెతికి పట్టుకోవడానికి పనికొస్తాయి. పెద్ద ఏజెన్సీలకి లాభం. ఒక్కరే నడుపుకునే స్టూడియోకి ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం. ఫొటో ఇస్తే అది ఎక్కడెక్కడ ఉందో వెతికే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో మీ ముఖ్యమైన ఫొటోలు పెట్టి అప్పుడప్పుడు వెతికితే ఆ పని ఉచితంగానే చాలావరకు అవుతుంది.

హాట్‌లింక్ అడ్డుకట్ట

ఇది కాపీ సమస్య కాదు, బిల్లు సమస్య. కొందరు మీ ఫొటోని దించుకోరు, మీ సర్వర్‌లోని అడ్రస్‌నే తమ పేజీలో పెట్టేస్తారు. వాళ్ల పేజీ చూసేవారికి మీ హోస్టింగ్ నుంచి ఫొటో వెళ్తుంది. డేటా ఖర్చు మీది. అపాచీ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్‌లో నాలుగు లైన్ల నిబంధనతో దీన్ని ఆపవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ (సైటుకీ చూసేవారికీ మధ్య నిలబడే సేవ) వాడేవారికి ఒక స్విచ్ చాలు. ఫొటో అడిగిన పేజీ ఏదో సర్వర్ చూసి, అది మీ సైటు కాకపోతే ఫొటో పంపదు. ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పని అభ్యర్థనల్ని మాత్రం అడ్డుకోకండి. కొన్ని బ్రౌజర్లు ఆ వివరం పంపవు కాబట్టి మీ సైటులోనే మీ ఫొటోలు కనిపించకుండా పోతాయి. గూగుల్ వంటి సెర్చ్ సైట్లని కూడా మినహాయించాలి. బిల్లు సమస్య లేనివారు దీని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఫైలు లోపల రాసే పేరు

ప్రతి జేపెగ్ ఫైలులోనూ కనిపించని గడులు ఉంటాయి. కెమెరా రాసేది ఎగ్జిఫ్, మనం రాసుకోగలిగేది ఐపీటీసీ. ఐపీటీసీలో తీసినవారి పేరు, క్రెడిట్, కాపీరైట్ నోటీసు రాస్తే 2018 నుంచి గూగుల్ ఇమేజెస్ వాటిని ఫొటో పక్కన చూపిస్తోంది. ‘వెబ్ స్టేట్‌మెంట్ ఆఫ్ రైట్స్’ అనే గడిలో మీ అనుమతి షరతులున్న పేజీ అడ్రస్ పెడితే 2020 నుంచి ఆ ఫొటో మీద ‘లైసెన్సబుల్’ అనే చిన్న బ్యాడ్జీ కూడా వస్తోంది. డబ్బిచ్చి వాడదామనుకునే నిజాయతీపరులకి అది దారి చూపిస్తుంది. ఫొటోలు అమ్మేవారు ఈ గడి తప్పక నింపాలి. లైట్‌రూమ్‌లో ఈ వివరాల్ని ఒక్కసారి ప్రీసెట్‌గా దాచుకుంటే ఆ తర్వాత అందులోకి దిగే ప్రతి ఫొటోలోనూ అదే పడుతుంది.

దీని బలహీనత, ఫొటో వాట్సాప్‌లోకో ఫేస్‌బుక్‌లోకో వెళ్లగానే ఆ గడులు చాలావరకు ఖాళీ అయిపోవడం. సైటు వేగం పెంచే ప్లగిన్లు కూడా బరువు తగ్గించడానికి వీటిని తుడిచేస్తాయి. మీ సైటులోంచి మీరే ఒక ఫొటో దించి, పేరు ఇంకా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ప్లగిన్ సెట్టింగు మార్చండి.

పేరు రాయడం ఎంత ముఖ్యమో, జీపీఎస్ తీసేయడం అంత ముఖ్యం. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఉండవచ్చు. పక్షుల ఫొటోలు తీసేవారికి ఇది గట్టిగా చెబుతున్నాను. గుడ్లగూబ గూడో, రాబందు గూడో ఉన్న చోటు వివరం ఫైలులో వెళ్లిపోతే వేటగాళ్లకి అడ్రస్ ఇచ్చినట్టే. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో లొకేషన్ తీసేసే టిక్కు విడిగా ఉంటుంది. ఇంటి దగ్గర తీసిన పిల్లల ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది.

నిజమైన తాళం: అందరికీ చూపించకపోవడం

పైన చెప్పినవన్నీ లోకమంతా చూడాలనుకున్న ఫొటోల సంగతి. అందరూ చూడనక్కర్లేనివాటిని అసలు అందరికీ కనిపించే పేజీలో పెట్టకూడదు. పెళ్లి, సీమంతం, బారసాల, పిల్లల స్కూలు ఫంక్షన్ ఫొటోలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడ మూడు రకాలున్నాయి, వాటి బలం ఒకటి కాదు. వర్డ్‌ప్రెస్ పేజీకి పాస్‌వర్డ్ పెట్టడం అన్నిటికంటే బలహీనం. పేజీ దాగుతుంది కానీ ఫొటో ఫైళ్లు దాగవు, వాటి అడ్రస్ తెలిసినవారికి పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటాయి. గూగుల్ డ్రైవ్ లింకు రెండోది. ‘లింకు ఉన్న ఎవరైనా’ అని పెడితే పెళ్లివారి వాట్సాప్ గ్రూపులో పడ్డ ఆ లింకు ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పలేం. ఈమెయిల్ ఐడీలు ఇచ్చి వాళ్లకి మాత్రమే తెరుచుకునేలా పెడితే బాగా నయం. మూడోది, పిక్సీసెట్, స్మగ్‌మగ్ వంటి క్లయింట్ గ్యాలరీ సేవలు, అంటే ఫొటోలు తీయించుకున్నవారికి విడిగా చూపించేవి. పాస్‌వర్డ్, డౌన్‌లోడ్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మీ చేతిలో ఉంటాయి. ఏడాది పొడవునా పెళ్లిళ్లు చేసే స్టూడియోకి ఆ చందా డబ్బుకి తగ్గ ఫలితం ఉంటుంది. ఏడాదికి నాలుగు ఫంక్షన్లు చేసేవారికి డ్రైవ్ చాలు.

ఏఐ శిక్షణకి ఫొటోలు వెళ్లడం

ఇది కొత్త భయం, న్యాయమైన భయం. సైట్లు తిరిగి ఫైళ్లు పోగుచేసే ప్రోగ్రాముల్ని బాట్లు అంటారు. ఏ బాట్ రావచ్చో, ఏది రాకూడదో రాసే రోబోట్స్ ఫైలు ఒకటి సైటులో ఉంటుంది; అందులో జీపీటీబాట్, గూగుల్-ఎక్స్‌టెండెడ్, సీసీబాట్ పేర్లు రాసి రావద్దని చెప్పవచ్చు. అది విన్నపం మాత్రమే, మర్యాద పాటించే కంపెనీలే వింటాయి. గూగుల్-ఎక్స్‌టెండెడ్‌ని ఆపితే గూగుల్ సెర్చ్‌లో మీ సైటు పోదు. గూగుల్‌బాట్-ఇమేజ్‌ని ఆపితే మాత్రం ఇమేజ్ సెర్చ్‌లోంచి మాయమవుతారు, ఈ రెంటినీ కలిపేసుకోకండి. క్లౌడ్‌ఫ్లేర్ 2024 జులై నుంచి ఉచిత ఖాతాలకి కూడా ఏఐ బాట్లని ఆపే స్విచ్ ఇచ్చింది. విన్నపం కంటే అది గట్టిది, ఎందుకంటే ఫైలు పంపకుండానే వెనక్కి పంపేస్తుంది. రెండూ పెట్టుకోండి, పది నిమిషాల పని.

ఇంతకీ ఎవరు ఏది ఎంచుకోవాలి?

ప్రింట్లు, లైసెన్సులు అమ్మేవారైతే 1200 నుంచి 1600 పిక్సెళ్లకి మించకుండా పెట్టండి, ఐపీటీసీ గడులన్నీ నింపండి, గుర్తు పలుచగా వేయండి. కొనేవారు ఫొటో బాగా చూడాలి, కాబట్టి నడిమధ్య పెద్ద గుర్తు వద్దు. చీరలు, నగలు, బొమ్మలు అమ్మేవారైతే సైజు గురించి అంతగా పట్టించుకోకండి. కస్టమర్ జూమ్ చేసి నేత చూడాలి. మీకు రక్షణ ఫొటోలో ఉన్న పేరు, వీడియో, పేజీలో స్పష్టంగా కనిపించే దుకాణం అడ్రస్. కుటుంబ ఫొటోలైతే పైవన్నీ వదిలేసి పాస్‌వర్డ్ ఉన్న క్లయింట్ గ్యాలరీకో, ఈమెయిల్ ఐడీలకే తెరుచుకునే డ్రైవ్‌కో వెళ్లండి.

అభిరుచితో పక్షులు, గుళ్లు, కోటలు, చెరువులు తీసేవారికి నేను చెప్పేది వేరు. మీ కోరిక పేరు రావడమే అయితే కాపీని ఆపాలనుకోవడం కంటే షరతు మీద అనుమతించడం మేలు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) పెట్టి వికీపీడియా ఫొటోల భాండారమైన వికీమీడియా కామన్స్‌లో ఉంచిన ఫొటో, తెలుగు వికీపీడియాలో మీ ఊరి గుడి వ్యాసంలోకి మీ పేరుతోనే చేరుతుంది. ఒకసారి ఇచ్చిన ఆ అనుమతి వెనక్కి తీసుకోలేరు, అమ్మకానికి వాడుకోవడానికి కూడా వర్తిస్తుంది. అందుకని రేపు అమ్మాలనుకునే ఫొటోలు అక్కడ పెట్టకండి. మిగతావి మనస్ఫూర్తిగా ఇవ్వండి. మన ఊళ్ల గురించి మంచి ఫొటోలు ఇంకా చాలా తక్కువగా ఉన్నాయి.

ఫొటో పోయాక

ముందు ఆ ఫొటో మీదేనా? వింతగా అనిపించినా ఇది అడగాల్సిన ప్రశ్నే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసినవారు. కానీ 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లి ఫొటోల మీద హక్కు స్టూడియోది అనుకునేవారు ఇది తెలుసుకోవాలి. బుకింగ్ కాగితంలోనే హక్కు ఎవరిదో, సైటులో పెట్టుకోవడానికి అనుమతి ఉందో లేదో రెండు వాక్యాలు రాయించుకోండి. ఫొటోలో ఉన్నవాళ్ల మర్యాదకీ ఇది అవసరం.

హక్కు మీదే అయితే మొదట సాక్ష్యం దాచండి. అడ్రస్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, వెబ్ పేజీల పాత రూపాల్ని దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరచండి. మీ దగ్గరున్న రా ఫైలుని (కెమెరా నేరుగా రాసిన అసలు ఫైలుని) ఎప్పుడూ పారేయకండి. దొంగ దగ్గర ఉండనిది అదే. ఆ తర్వాత మర్యాదగా ఒక మెసేజ్. ‘సోర్స్: గూగుల్’ అని రాస్తే అనుమతి ఉన్నట్టే అని నిజంగా నమ్మేవాళ్లు ఉన్నారు, చెబితే తీసేస్తారు లేదా పేరు పెడతారు. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, గూగుల్ కాపీరైట్ ఫారాలు నింపండి. ఫిర్యాదులో మీరిచ్చే పేరు, ఈమెయిల్ అవతలివారికి వెళ్లవచ్చు, కాబట్టి సొంత ఈమెయిల్ కాకుండా వ్యాపార వివరాలు ఇవ్వండి.

మన దేశంలో ఉన్న హోస్టింగ్, పోర్టల్ అయితే 2013 కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు సరైనదని తోస్తే వాళ్లు 36 గంటల్లో ఆ ఫొటోని ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. చాలా గొడవలు ఆ 21 రోజుల్లోనే సద్దుమణుగుతాయి, ఎందుకంటే మీ ఫొటో లేకుండా పేజీ నడపడం వాళ్లకి కష్టమేమీ కాదు. కోర్టుకి వెళ్లాల్సి వస్తే 62వ సెక్షన్ మీకు ఒక సౌకర్యం ఇచ్చింది. మీరు నివసించే, వ్యాపారం చేసే చోటే దావా వేయవచ్చు. వాడుకున్నవాళ్లు ముంబైలో ఉన్నా మీరు గుంటూరులో వేయవచ్చు.

రిజిస్ట్రేషన్ చేయించాలా అన్నది చివరి ఎంపిక. ఫొటో తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే కోర్టులో దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు. ఇక్కడ ఒక్కో కృతికి రుసుము 500 రూపాయలు, కాబట్టి లైసెన్సు మీద నిజంగా డబ్బు తెచ్చే కొద్ది ఫొటోలకే చేయించండి. అమెరికాలో ఉంటూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువారి ఫంక్షన్లు తీసే ఫొటోగ్రాఫర్లకి లెక్క వేరు. అక్కడ తీసి ప్రచురించినవాటికి రిజిస్ట్రేషన్ లేకుండా కోర్టులో దావాయే వేయలేరు. ప్రచురించిన మూడు నెలల్లోపు చేయిస్తే చట్టం నిర్ణయించిన పరిహారం, లాయరు ఖర్చులు అడిగే హక్కు కూడా ఉంటుంది. పైగా ఒకే దరఖాస్తులో 750 ఫొటోల దాకా 55 డాలర్లకే చేయించుకోవచ్చు. అక్కడివారు ప్రతి మూడు నెలలకీ ఒకసారి ఆ పని పూర్తి చేసుకుంటే చాలు.